దావీదు రాజూ, నా పక్క సీటూ

మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో మా చిన్న మావయ్య వీడియో పెట్టారు. ఎనభై దాటినా ఆయన గొంతు ఖంగుమంటూనే ఉంది. తెల్ల లాల్చీ వేసుకుని, ఇరవై మందిని ముందు కూర్చోబెట్టుకుని దావీదు రాజు కథ చెబుతున్నాడు. గొర్రెపిల్ల దాకా వచ్చేసరికి ఇక వినలేకపోయాను. ఫోను బోర్లా పెట్టేసి, తాగుతున్న కాఫీ సింకులో పారబోశాను. పాలు విరిగాయా అని మా ఆవిడ అడిగింది.

ఆ కథ ముప్పై ఐదేళ్ళ కిందట కువైట్‌లో, ఫర్వానియాలోని మా గదిలోనే విన్నాను. కోనసీమ నుంచి వీసా తెప్పించి నన్ను తీసుకెళ్ళింది మావయ్యే. ఆయన క్రైస్తవం పుచ్చుకున్నాడు, శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ప్రార్థన పెట్టేవాడు. గుడికి వెళ్ళే మాలాంటివాళ్ళమూ కూర్చునేవాళ్ళం. వారానికోసారి కడుపునిండా తెలుగు వినబడేది, ఆపైన మటన్ కూర. గొర్రెలు కాసుకునే దావీదు వడిసెలతో అంతటి భారీ మనిషిని కూల్చడం, రాజవడం, మేడ మీంచి ఒక సైనికుడి భార్యను చూసి మనసుపడి, ఆ అమాయకుణ్ణి యుద్ధంలో ముందు వరసకు పంపి చంపించడం, ఇదంతా మావయ్య చేతులు తిప్పుతూ చెబుతుంటే పొయ్యి మీద కూర మాడుతున్నా ఎవరూ లేచేవారు కాదు. అప్పుడొక ప్రవక్త వచ్చి రాజుకు ఫిర్యాదు చెబుతాడు. మందలకు మందలున్న ధనవంతుడొకడు, ఓ పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని విందు చేశాడని. రాజు మండిపడితే, ఆ మనిషి మీరేనని ప్రవక్త మొహం మీదే అనేస్తాడు. రాజు తల దించి తప్పు ఒప్పుకుంటాడు. అక్కడ మావయ్య కళ్ళు తుడుచుకునేవాడు. దగ్గర్లోని రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే రాయచోటి అక్కయితే వెక్కివెక్కి ఏడ్చేది.

ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ ఆ ఆగస్టులో అక్క యజమానులు సెలవులకు వేరే దేశం వెళ్ళి ఉన్నారు. యజమానురాలిని ఆమె అక్కడి వాడుకలో మామా అనేది. ఖాళీ ఇంట్లో ఒంటరిగా ఉండలేక మా పక్క గది ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసి, తాళాలగుత్తి మావయ్య చేతిలో పెట్టింది.

"అన్నా, నువ్వు దేవుని మాట చెప్పేటోడివి. మామా వచ్చేదాంక ఈ బీగాలు నీ కాడ పెట్టుకో. నా కాడ ఉంటే భయమైతాంది."

మాకందరికీ అదే అలవాటు. కాగితమైనా, తాళమైనా, జాబితా రాయాలన్నా ప్రార్థన చెప్పే మనిషికే అప్పగించేవాళ్ళం. ఇరాక్ మీదుగా జోర్డాన్ వెళ్ళే బస్సు దొరికినప్పుడు సీట్లకు పేర్లు రాసిందీ ఆయనే. అక్కకు నా పక్క సీటు రాశాడు.

బయల్దేరే ఉదయం ఆ సీట్లో దుప్పటి చుట్టిన పెద్ద టీవీ కూర్చుని ఉంది. దుప్పటి మీది నెమళ్ళు చూడగానే అక్క గుర్తుపట్టింది.

"ఇది మా మామా దుప్పటి గదన్నా! నేనే ఉతికినా. మళ్ళ నా సీటేదీ?"

"నువ్వు తర్వాత బస్సులో వద్దువుగానమ్మా. అక్కడొదిలేస్తే ఎలాగూ సైనికులు పట్టుకుపోయేదేగా. యల్లా, యల్లా! కదలండి!"

ఆమె మావయ్యను వదిలేసి నా వైపు తిరిగింది. "తమ్ముడా, నువ్వన్నా చెప్పు."

ప్రవక్త ఏమన్నాడో నాకు కంఠతా వచ్చు. ఆ మనిషివి నువ్వే మావయ్యా అంటే సరిపోయేది. నన్నూ దింపేస్తాడేమోనని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బస్సు కదిలేదాకా ఆమె తలుపు పట్టుకునే ఉంది.

ఇరాక్‌లో బస్రా దాటాక ఒక చెక్‌పోస్టులో ఓ సైనికుడు నవ్వుతూ టీవీని ఎత్తుకుపోయాడు. మావయ్య ఏడ్చాడు. దావీదు కథకు ఏడ్చినట్టే, అవే కన్నీళ్ళు. ఛీ, ఆ మొహం చూడాలంటేనే రోత పుట్టింది.

అంతకన్నా పెద్ద రోత నాది. ఆ తర్వాత జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఖాళీ అయిన ఆ సీటు మీదికి కాళ్ళు చాపుకుని పడుకున్నాను. హాయిగా నిద్ర కూడా పట్టింది.

నెల తిరిగాక అక్క ఎలాగో ఊరు చేరిందని విన్నాను. వెళ్ళి కలవడానికి మొహం చెల్లలేదు. మావయ్య ఇప్పటికీ రాజు తల దించే చోట కళ్ళు తుడుచుకుంటాడు, తను మాత్రం దించడు. ఆయన్ని అసహ్యించుకుంటూనే ముప్పై ఐదేళ్ళు గడిపేశాను. ఇప్పటికీ ఏ బస్సులోనైనా పక్క సీటు ఖాళీ అయితే నా కాళ్ళు వాటంతటవే ముడుచుకుపోతాయి.