అప్పమ్మ ఇచ్చిన నాలుగు గవ్వలు

ముప్పైనాలుగేళ్ళు కలకత్తా వీధులు ఊడ్చి దిగిపోయిన మనిషి దగ్గర ఏముంటుంది? నడుం నొప్పి ఉంటుంది, కార్పొరేషన్ వాళ్ళ పింఛను పుస్తకం ఉంటుంది. మహా అయితే పాత చీపురు కర్ర ఒకటి జ్ఞాపకంగా గోడకి ఆనించి ఉంటుంది. అప్పమ్మ దగ్గర అవన్నీ ఉన్నాయి, వాటితోపాటు పదకొండు బిస్కెట్ డబ్బాలు కూడా ఉన్నాయి.

ఉల్టాడాంగా కాలవ పక్కన మునిసిపల్ క్వార్టర్లలో, మంచం కింద నుంచి మొదటి డబ్బా లాగి మూత తీసినప్పుడు లక్ష్మీసౌజన్య ముందుకి వంగి చూసింది. అన్నీ లూడో కాయలు. ఎర్రవి ఒక మూట, పచ్చవి ఒక మూట, నీలానివి ఒక మూట. రెండో డబ్బా నిండా పాచికలు. మూడోదాంట్లో క్యారమ్ కాయలు, బోరిక్ పౌడర్ వాసన ఇంకా పోలేదు. చదరంగం గుర్రాలకైతే ఏకంగా సొంత డబ్బా ఉంది.

"గుర్రాలే ఎక్కువ పోతాయి అమ్మీ. పిల్లలు ఆటితో వేరే ఆట ఆడతారు గదా," అంది అప్పమ్మ.

"ఇవన్నీ రోడ్ల మీద దొరికినయా పెద్దమ్మా?"

"మరేటి, కొనుక్కున్నాననుకున్నావా? బాగ్‌బజార్ గల్లీలో ఓ దత్తబాబు ఉండీవోడు. ఆదివారం సాయంత్రం ఆట, సోమారం పొద్దున్న నా చీపురు కింద పాచిక. ఓడిపోతే కిటికీలోంచి ఇసిరీసీవోడు. నాను తీసి ఆ అరుగుమీదే ఎట్టీదాన్ని. పందొమ్మిదేళ్ళు! ఒక్క మాట మాటాడుకోనేదు ఇద్దరం."

చెత్తలోంచి ఏరిన ముక్కలే కదా అని మనం తేలిగ్గా అనేయొచ్చు. కానీ ఒక ఊరు ముప్పైనాలుగేళ్ళపాటు పారేసుకున్న ఆటలన్నీ ఒక్క మంచం కింద రంగుల వారీగా సర్ది ఉంటే చూసిన వాళ్ళకి తెలుస్తుంది అదేమిటో.  సౌజన్య కాళ్ళు ముడుచుకుని నేలమీదే కూర్చుండిపోయింది.

సౌజన్యది హన్మకొండ. న్యూటౌన్‌లో ఐటీ కంపెనీలో ఉద్యోగం. ఎనిమిది నెలల కిందట అదే కంపెనీలో పనిచేసే హరిచరణ్‌ని పెళ్ళి చేసుకుంది. అతని మొదటి భార్య పోయి మూడేళ్ళయింది. కూతురు ధాత్రికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల అల్లరి పిల్ల కాదు, మొండిది అసలే కాదు. పెట్టింది తింటుంది, హోంవర్కు చేసుకుంటుంది. ఒక్కటే తేడా. సౌజన్యతో నేరుగా మాట్లాడదు. సౌజన్య నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నా, "డాడీ, నా వాటర్ బాటిల్ ఏడుందో అడుగు," అంటుంది. ఎనిమిది నెలల్లో ఆ పిల్ల నోటినుంచి సౌజన్యకని వచ్చిన మాట ఒక్కటి లేదు. ఆ ఒక్క మాట కోసం సౌజన్య లోపల్లోపల తపించిపోతోంది.

అందుకే ఆటలు కొంది. కుటుంబమంతా కూర్చుని ఆడదగ్గ ఆటలు ఇవీ అని ఇంటర్నెట్‌లో ఎవరు ఏ జాబితా రాస్తే ఆ జాబితాలోవి తెప్పించింది. రైళ్ళు నడిపే ఆట, దీవులు గెలిచే ఆట, పొలాలు దున్నే ఆట. అలమర నిండింది. ధాత్రి బుద్ధిగా వచ్చి కూర్చునేది, బుద్ధిగా ఆడి గెలిచేది, "డాడీ, అయిపోయింది, నేను పోతున్న," అని గదిలోకి వెళ్ళిపోయేది. చివరిసారి కొన్న పెట్టెలో నీలం రంగు చెక్క బొమ్మ ఒకటి పోయింది. పోవడమేమిటి, ధాత్రే పదకొండో అంతస్తు బాల్కనీ నుంచి కిందికి విసిరింది. సౌజన్య చూసింది. చూసి కూడా సోఫా కింద వెతుకుతున్నట్టు నటించింది.

"మా అత్త దగ్గిర ఉంటాది అక్కా, అలాటిది," అంది వంట చేసే పుష్పరాణి. ఆవిడ అప్పమ్మ కోడలు. అలా వచ్చింది సౌజన్య ఈ గదిలోకి, శనివారం పొద్దున్న, చేతిలో మిగిలిన మూడు బొమ్మలతో.

అప్పమ్మ వాటిని ఒకసారి వేళ్ళతో తడిమి, నీలం మూటలోకి చెయ్యి పెట్టి, చూడకుండానే ఒక కాయ తీసింది. అరిగిపోయిన లూడో కాయ. ఎత్తు, లావు సరిగ్గా సరిపోయాయి. సౌజన్య ఆ చెయ్యివైపే చూస్తూ ఉండిపోయింది.

కానీ అప్పమ్మ గొప్పతనం డబ్బాల్లో లేదని ఆ క్వార్టర్లలో ఎవర్నడిగినా చెబుతారు. ఏ ఇంటికి ఏ ఆట పడుతుందో చెప్పడం ఆవిడ విద్య. అక్షరం ముక్క రాదు, ఆట పెట్టెల మీద రాసిన నియమాలు చదవలేదు. మీకే ఆట ఇష్టమని అడగదు కూడా. ఒక్కటే అడుగుతుంది: "ఓడిపోతే మీయింట్లో ఎవురు అలుగుతారు?"

ఆ జవాబు మీదే అంతా నడుస్తుంది. పక్క బ్లాకులో అన్నదమ్ములిద్దరు పంపు దగ్గర కొట్టుకునేవాళ్ళు. ఇద్దరూ అలుగుతారని తెలిసి, వాళ్ళకి క్యారమ్ చెప్పింది. ఎదురెదురు పార్టీలుగా కాదు, ఒకే జట్టుగా, పైవీధి కుర్రాళ్ళ మీద. ఇప్పుడు దుర్గాపూజ పందేల్లో ఆ జట్టు పేరు చెబితే పేట మొత్తం హడలు. చెయ్యి వణికే సోములు తాతకి వామనగుంటలు చెప్పింది. చింతపిక్కలు గుంటల్లో రాల్చడానికి చెయ్యి వణికితే ఇంకా మంచిదట, ఒక్కొక్కటీ అదే జారుతుంది! అందరూ ఒకేసారి మాట్లాడే ఇంటికి లూడో. ఎవరూ మాట్లాడుకోని ఇంటికి పులీమేకా, ఎందుకంటే మేకలు నడిపేవాళ్ళు పక్కన కూర్చున్నవాళ్ళ సలహా అడక్క తప్పదు. హాస్టల్ పిల్లలు పదిమంది వస్తే, "మీకు నానేటి సెప్పను, మీరు ఏదిచ్చినా గోలే," అని తిట్టి పేకముక్కలిచ్చి పంపిందట.

"సెప్పు తల్లీ. ఓడిపోతే ఎవురు అలుగుతారు?"

"ఎవరు అలగరు పెద్దమ్మా. పాప ఎప్పుడు గెలుస్తది. నేను ఓడిపోత."

"పతీసారీనా?"

సౌజన్య తల ఊపింది.

అప్పమ్మ డబ్బా మూత పెట్టేసింది. "కావాలని ఓడిపోతన్నావన్నమాట."

"చిన్నపిల్ల కదా పెద్దమ్మా. తల్లి లేదు. ఆటలనన్న గెలిస్తే సంతోషపడుతదని..." అంది సౌజన్య.

 అప్పమ్మ నవ్వింది.

"మా ముసిలోడు పాపయ్య ఉండీవోడు, ఇదే కార్పొరేషన్‌లో డ్రైనేజీ పని. ఓ ఏడు నాకు జొరం పట్టుకుని మంచాన పడిపోనాను. రోజూ సాయంత్రం వొచ్చి నాతో వామనగుంటలాడీవోడు. రోజూ నానే గెలిసీదాన్ని. పెళ్ళయ్యి పన్నెండేళ్ళు, ఏనాడూ నన్ను గెలవనివ్వనోడు! అప్పుడు తెలిసింది నాకు, నాను సచ్చిపోతన్నానని. డాక్టరు సెప్పనేదు, ఆడి ఓటమి సెప్పింది. గోడకి తిరిగి పడుకుండిపోనాను, తిండి మానేసినాను."

"తర్వాత?"

"ఓ రోజు ఆడికి ఇసుగొచ్చింది. నన్ను సిత్తుగా ఓడించీసినాడు. ఒక్క పిక్క మిగల్చనేదు దొంగసచ్చినోడు! నాను లేచి కూకుని తిట్టినాను. ఆరోజు గంజి తాగినాను." అప్పమ్మ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుని, రెండో చేత్తో సౌజన్య మోకాలు తట్టింది. "కావాలని ఓడిపోయినోళ్ళు ఆటలో ఉండరు తల్లీ. నీ పాప ఎనిమిది నెలల్నుంచీ ఒక్కతే ఆడుకుంటన్నాది. ఎదర కుర్చీలో ఎవురూ నేరు."

తాను ఎనిమిది నెలలుగా ప్రేమ అనుకున్నదేమిటో ఎవరో పట్టి ముందు పెట్టినట్టయింది సౌజన్యకి. కోపం రాలేదు. ఈ మనిషికి ఇదంతా ఎక్కణ్ణుంచి తెలిసిందా అని విస్తుపోయింది. వీధులు ఊడుస్తూ, తలెత్తకుండా, కిటికీల్లోంచి పడినవాటిని బట్టి ఇళ్ళ లోపలి సంగతులన్నీ చదివేసింది కాబోలు.

అప్పమ్మ కొంగుముడి విప్పి నాలుగు గవ్వలు తీసింది. నాలుగూ నాలుగు వీధుల్లో దొరికాయట. అరిగి అరిగి పాలమీగడలా ఉన్నాయి.

"అష్టాచెమ్మా ఆడండి. అయిదు గళ్ళు ఇటు, అయిదు గళ్ళు అటు. గవ్వల్ని బతిమాలినా ఇనవు, అంచేత నువ్వు అనుకున్నట్టు ఎయ్యాలన్నా కుదరదు. ఇంకోటి. ఎదుటోళ్ళ కాయ ఒక్కటైనా కొట్టనిదే నీ కాయకి లోపలి గళ్ళలోకి దారి నేదు. మా యింటి కట్టుబాటు అది. జాలి పడ్డావో, బయటే తిరుగుతావు."

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక సౌజన్య బాల్కనీ నేలమీద సుద్దముక్కతో గళ్ళు గీసింది. హరిచరణ్ చదువుకుంటున్న పేపరు మడిచి చూస్తూ కూర్చున్నాడు. ధాత్రి గవ్వల్ని గుప్పిట్లో గలగలలాడించింది, ఆ చప్పుడు నచ్చినట్టుంది. పసుపు బొమ్మలు నాలుగూ తనవి. నీలానివి సౌజన్యవి: మూడు చెక్క బొమ్మలు, ఒక అప్పమ్మ కాయ.

ఆట ధాత్రిదే అయింది. గవ్వలు ఆ పిల్ల మాట విన్నాయి. సౌజన్య కాయల్ని రెండిట్ని కొట్టింది, లోపలికి దూరింది, మూడు బొమ్మల్ని నడిగడిలో పండించేసింది. మిగిలింది ఒక్కటే, లోపలికి తిరగడానికి ఒక్క గడి దూరంలో ఉంది. సౌజన్య ఒక్కదాన్నీ కొట్టలేదు. నాలుగు నీలం కాయలూ బయటి గళ్ళలోనే ప్రదక్షిణాలు చేస్తున్నాయి.

సౌజన్య గవ్వలు వేసింది. రెండు వెల్లకిలా, రెండు బోర్లా. రెండు పడింది.

అప్పమ్మ కాయకి సరిగ్గా రెండు గళ్ళ ముందు పసుపు బొమ్మ ఉంది. కొడితే అది మొదటికి పోతుంది, మళ్ళీ ఊరంతా తిరిగి రావాలి. కొట్టకుండా వేరే కాయ జరుపుకోవచ్చు, చూడనట్టు నటించొచ్చు. ఎనిమిది నెలలుగా అలవాటైన పనే. చెయ్యి ఆ వేరే కాయ మీదికి వెళ్ళింది కూడా.

ధాత్రి ఆ చేతినే చూస్తోంది. ఆ పిల్ల మొహంలో, ఇదిగో మళ్ళీ మొదలు, అన్నట్టు ఒక విసుగు తేలడం సౌజన్య కళ్ళారా చూసింది. ఈ చూపు ఇన్నాళ్ళూ తన ఎదురుగానే ఉంది, తనే చూడలేదు.

చెయ్యి వెనక్కి తీసింది. అప్పమ్మ కాయ పట్టుకుంది. ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ జరిపి, పసుపు బొమ్మని టక్కున కొట్టింది.

"అయ్యో!" అన్నాడు హరిచరణ్.

ధాత్రి మొహం ఎర్రబడింది. కింది పెదవి బయటికొచ్చింది. కొట్టిన చోటుని చూసింది, పడిపోయిన తన బొమ్మని చూసింది. లేచి గదిలోకి వెళ్ళిపోతుందనుకుంది సౌజన్య. తనే ముందు లేవబోయింది, గవ్వల్ని పిల్లవైపు నెట్టి.

ధాత్రి వాటిని తిరిగి సౌజన్య వైపు నెట్టింది. తండ్రి వైపు చూడలేదు. తలెత్తి సౌజన్య కళ్ళలోకే చూస్తూ, ఒళ్ళు మండిన గొంతుతో అంది:

"ఏడికి పోతున్నవ్? కొడితే ఇంకో పందెం ఉంటది. కూసో. నువ్వే వెయ్యాలె."