సన్నాయికీ క్లారినెట్‌కీ మధ్య గంగరాజు

గంగరాజు దగ్గర ఉన్నది ఒక్క ఊపిరే. దానికోసం పోట్లాడుకున్నవాళ్ళు మాత్రం ఇద్దరు.

ఒకరు తండ్రి బంగారయ్య. ఐనవిల్లి చుట్టుపక్కల ఏ పెళ్ళిపందిట్లో సన్నాయి మోగినా అది ఆయనదే. ఆయన తోడి రాగం ఎత్తుకుంటే వట్టిపోయిన గేదెలు కూడా పాలు చేపేవని చెప్పుకునేవారు. ఒక గేదె చేపిన మాట మాత్రం నిజం.

రెండోవారు మేనమామ వెంకటస్వామి. ఆయనా సన్నాయి ఇంట్లోనే పుట్టాడు గానీ, అమలాపురంలో బాండుమేళం పెట్టి, ఎర్రకోటు తొడిగి, క్లారినెట్ పట్టాడు. ఆయన కూతురు సూర్యావతి. గంగరాజు కంటికి ఆ మరదలు తప్ప మరో పిల్ల ఆనేది కాదు. 1951 మాఘమాసంలో వెంకటస్వామి వచ్చి ఆ సంగతే తేల్చేశాడు.

"రోజులు మారిపోయేయండి బావగారూ. నా అల్లుడు క్లారినెట్ పట్టాలండి. పట్టకపోతే పిల్లనివ్వను. ఆయ్, అంతేనండి."

"ఆ మీటల గొట్టం పట్టుకున్నవాడు నా గుమ్మం ఎక్కక్కర్లేదు," అన్నాడు బంగారయ్య.

తల్లి వీరాయమ్మ తమ్ముడినీ మొగుణ్ణీ చెరోవైపు కూర్చోబెట్టి రాజీ చేసింది. అప్పటిదాకా తండ్రి వెనక కూర్చుని శ్రుతి పట్టడమే గంగరాజు పని. ఇకనుంచి పొద్దున్న సన్నాయి, సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి క్లారినెట్ నేర్చుకోవాలి. వైశాఖం పెళ్ళిళ్ళలో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

సన్నాయికి బుగ్గలు బూరెల్లా పొంగాలి. క్లారినెట్‌కి లోపలికి అంటుకుపోవాలి. పొద్దున్న పొంగలేదని తండ్రి మొట్టేవాడు, సాయంత్రం పొంగేయని మామ మొట్టేవాడు. రెండు నెలలు తిరిగేసరికి ఒక బుగ్గ సన్నాయికీ రెండోది క్లారినెట్‌కీ అలవాటుపడిపోయి, అద్దంలో చూసుకుంటే వేరుపడ్డ అన్నదమ్ములిద్దరు ఒకే మొహంలో కాపురం ఉన్నట్టుండేది.

కొత్తపేటలో సుబ్బరాజుగారి అమ్మాయి పెళ్ళి వచ్చింది. పందిట్లోకి బంగారయ్య సన్నాయి. పడవలో వచ్చే మగపెళ్ళివారికి రేవు దగ్గర ఎదురువెళ్ళడానికి వెంకటస్వామి బాండు. వెంకటస్వామి తన కోటూ, తన క్లారినెట్టూ మేనల్లుడికే ఇచ్చాడు.

"ఇవాళ రేవుదాకా తప్పు లేకుండా వాయించేవంటే, రేపే ముహూర్తం పెట్టించేస్తాను. లేదూ, పిల్లకి రాజోల్లో సంబంధం ఉంది."

సూర్యావతి ఆడవాళ్ళ గుంపులోంచి చూస్తోంది. గంగరాజు ప్రాణమంతా క్లారినెట్‌లోకి ఊదాడు. బాండు కాలవగట్టు మీద సాగింది. పాట మహా గొప్పగా వస్తోంది. అంత గొప్పగా వస్తున్నందుకే వాడికి తెలియకుండా కళ్ళు మూతపడ్డాయి. కళ్ళు తెరిస్తే రాగం పారిపోతుందని బంగారయ్య నేర్పిన పద్ధతి అది. కూర్చుని వాయించే సన్నాయికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. రేవు దగ్గర బాండు ఎడంపక్కకి తిరిగింది. గంగరాజు తిన్నగా వెళ్ళాడు.

కాలవ నిండుగా పారుతోంది. మునిగాక కూడా వాడు పాట ఆపలేదనీ, పైకి తేలిన బుడగలు సైతం తాళం తప్పలేదనీ పడవలో ఉన్న మగపెళ్ళివారు తరవాత సాక్ష్యం చెప్పారు. పెళ్ళికొడుకు బాబాయి అది ఆడపెళ్ళివారు చేసే మర్యాదే అనుకుని చప్పట్లు కొట్టాడు. పడవవాడు గెడ అందించి పైకి లాగాడు.

"క్లారినెట్ ఏదిరా?" అన్నాడు వెంకటస్వామి. మేనల్లుడు బతికున్నాడో లేదో తరవాత చూశాడు. క్లారినెట్ విదిలిస్తే చేపపిల్ల ఒకటి రాలింది. మీటలు బిగుసుకుపోయాయి. "కళ్ళు మూసుకోమని ఎవడు చెప్పేడురా నీకు?"

"నాన్నగారండి."

ఆ నాన్నగారు అప్పటికే పందిట్లోంచి సన్నాయి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కొడుకుని కాలవలో తోసేవురా నువ్వు!"

"నేను తోసేనా? మీ రాగం తోసిందండి!"

"గొడవ తరవాత పడండి బాబూ," అన్నాడు సుబ్బరాజు. "పెళ్ళికొడుకు ఇంకా పడవలోనే ఉన్నాడు. మేళం లేకుండా దిగనంటున్నాడు."

క్లారినెట్ లేని బాండంటే ఉత్త డప్పులే. బంగారయ్యకేమో పరుగుతో ఆయాసం. సన్నాయి గంగరాజు చేతికొచ్చింది. దాని రెల్లుపీక నోట్లో పెట్టుకున్నాడు గానీ, కాళ్ళు కదలడంలేదు. కళ్ళు తెరిస్తే రాగం రాదు, మూస్తే కాలవ.

అప్పుడు సూర్యావతి గుంపులోంచి వచ్చి, తడికోటు చెంగు గట్టిగా పట్టుకుంది.

"నువ్వు కళ్ళు మూసుకునే వాయించు బావా. దారి నే చూస్తాను."

రేవునించి విడిదిదాకా ఊరంతా చూస్తుండగా ఆ పిల్ల వాణ్ణి ఎడ్లబండి తోలినట్టు తోలుకెళ్ళింది. మలుపులో "ఇటు", గుంట దగ్గర "ఎత్తి వెయ్యి". సన్నాయి మాత్రం ఎక్కడా తెగలేదు. విడిది అరుగు మీది ముత్తయిదువలు ముక్కున వేలేసుకున్నారు.

"ఇంకెవరికిస్తావయ్యా ఆ పిల్లని?" అంది అందులో పెద్దావిడ. "ఊరి మధ్యలో పట్టుకుందిగా!"

రాజోలు సంబంధం ఆ మాటతో ఎగిరిపోయిందని వెంకటస్వామికి తెలుసు. తుడిచిన క్లారినెట్‌ని చంకలో బిగించుకుని అల్లుడి దగ్గరికొచ్చాడు.

"పిల్లనిస్తాను," అన్నాడు. "దీన్ని మాత్రం ఇవ్వను. ముట్టుకున్నావంటే చేతులిరిచేస్తాను."

"ఆయ్, అలాగేనండి మావయ్యగారూ," అన్నాడు గంగరాజు, రెండు బుగ్గలూ ఒక్కసారే పొంగుతుండగా.