సైమి ఇంట్లో లేదు

గేటుకు అడ్డంగా మళ్లీ గట్టు లేచింది. పంచాయతీ తరఫున మంచు తీసే తౌనో తెల్లారకముందే ట్రాక్టరుతో వచ్చి, దారిమీద పడ్డ మంచునంతా ఊడ్చి, ఆ ఊడ్చినదంతా తెచ్చి సైమి గేటు ముందే కుమ్మరించి పోయాడు. ట్రాక్టరును ఒకటి రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పితే ఈ గట్టు ఉండదు. తిప్పడానికి అతనికి బద్ధకం. ఆ బద్ధకాన్ని మోయాల్సింది మాత్రం సైమి నడుము.

ఇప్పుడు తీస్తే అది మంచు. మధ్యాహ్నం దాకా ఆగితే బండరాయి. అందుకని ఎనభై దాటిన సైమి మొయిలనెన్ కాఫీ సగంలో వదిలేసి, పోయిన మొగుడి ఉన్నిటోపీని చెవుల కిందికి లాక్కుని, పెద్ద తోపుడు పార పట్టుకుని బయటికొచ్చింది. పారను గట్టులోకి గుచ్చి, తొడతో నెట్టి, నిండాక జారించుకుంటూ పోయి కంచె అవతల బోర్లించింది. ప్రతి పారకీ తౌనోకి ఒక తిట్టు. వాళ్ల నాన్నకు కూడా ఒకటి రెండు పడ్డాయి. గుర్రాలతో మంచు తీసే రోజుల్లో ఆయనా ఇలాగే చేసేవాడు. సున్నాకు ముప్పై డిగ్రీల కింద ఉంది చలి. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి గానీ ఒళ్లు మాత్రం వెచ్చగా ఉంది. కోపానికి ఉన్న ఉపయోగాల్లో ఇదొకటి. ఏ డాక్టరూ దీన్ని రాసివ్వడు.

ఆమెను చూసి జాలిపడేవాళ్లున్నారు, చేతులు జోడించేవాళ్లూ ఉన్నారు. రెండు రకాలవాళ్లూ ఆమెకు సరిపడరు. ఓ చలికాలం జిల్లా పత్రికవాళ్లు వచ్చి, పారతో నిలబెట్టి ఫొటో తీసి, కింద 'చలితో ఒంటరి పోరాటం' అని అచ్చేశారు. ఆ కాగితాన్ని పొయ్యిలో పడేసేముందు సైమి ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివింది. పోరాటమట. తన గేటు ముందు మంచు తాను తీసుకుంటే పోరాటమా? పట్నంలో ఆడవాళ్లు మెట్లు కడుక్కుంటుంటే వాళ్లకీ ఫొటోలు తీస్తారా?

ఆమెది ఉత్తరాన కైనూ అనే సీమ అడవుల్లో, కోర్పివార అనే పల్లెలో, దారి ఆగిపోయేచోట ఉన్న ఆఖరి ఇల్లు. పెళ్లికి ముందు ఆమె కలప నరికే శిబిరాల్లో వంటమనిషి. అడవినిండా ఉన్న మగాళ్లకు జావా రొట్టే వండిపెట్టి, ఎవడైనా బాగాలేదని పళ్లెం నెడితే మర్నాడు వాడికి ఖాళీ పళ్లెమే పెట్టిన మనిషి. పెళ్లయ్యాక ఆవులు. మొగుడు ఒస్మో పోయాక ఆవులూ పోయాయి, వంటింటికి వెనక ఆనుకున్న కొట్టం మిగిలింది, ఇప్పుడందులో కట్టెలుంటాయి. ఇల్లు పెద్దదే గానీ చలికాలంలో ఆమె కాపురమంతా వంటింట్లోనే. మిగతా గదుల తలుపులు మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కేస్తుంది. వంటింట్లో సగం ఇటుకల పొయ్యి. పొద్దున్నే భూర్జ కట్టెలు పేర్చి మంట పెట్టి, ఆ మంటలో నీలిరంగు పూర్తిగా పోయి నిప్పులు నల్లబడ్డాకే పొగగొట్టానికి మూత వేస్తుంది. తొందరపడి ముందే వేస్తే విషపుగాలి లోపలే ఉండిపోతుంది; ఇంట్లో వేడి మిగులుతుంది, మనిషి మిగలదు. ఆ పొయ్యిలోనే బార్లీ రొట్టె, దాని సెగకే చక్రంలా కాల్చిన జున్ను. జున్నుముక్కలు కప్పులో వేసి పైన వేడి కాఫీ పోస్తే, మెత్తబడి పళ్లకింద కిర్రుమంటాయి. శనివారం ఆవిరిగదిలో స్నానం. ఇందులో ఎక్కడా వీరత్వం లేదు, దైన్యమూ లేదు. ఒక ఇల్లు నడుస్తోంది, అంతే.

ఈ సంగతి మేర్వికి ఎక్కించడం ఎవరి తరమూ కాలేదు. మేర్వి పంచాయతీ తరఫున ముసలివాళ్ల ఇళ్లకు తిరిగే నర్సు. వారానికోసారి వచ్చి రక్తపోటు చూసి, మందులడబ్బా నింపి పోతుంది. పనిమంతురాలే, సూది గుచ్చినా తెలియదు. నోరు తెరిస్తేనే తంటా.

"మరి మనం మందులు వేసుకున్నామా?"

"నేను వేసుకున్నా. నీ సంగతి నాకేం తెలుసు?" అంటుంది సైమి.

కిందటేడు కట్టెలు తెస్తూ కొట్టం మెట్టుమీద జారిపడితే సైమి మణికట్టు విరిగింది. విరిగింది, అతికింది. సైమి లెక్కలో అది అక్కడితో అయిపోయింది. మేర్వి మాటల్లో మాత్రం అప్పట్నుంచీ బుజ్జగింపులు ఎక్కువయ్యాయి. చివరికి ఈ ఏడు చలి ముదిరాక ఒకరోజు ఫోను చేసింది. చర్చి ఉన్న పెద్ద ఊళ్లో పంచాయతీవాళ్ల వృద్ధుల నివాసం ఒకటుంది; దానికి 'వెచ్చని గూడు' అని పేరు పెట్టారు. అందులో ఒక గది ఖాళీ అయిందని, చలికాలం పోయేదాకా సైమి అక్కడికొచ్చేస్తే అందరికీ నిశ్చింత అని చెప్పింది. ఆ గదులు ఎలా ఖాళీ అవుతాయో అడగాల్సిన పనిలేదు. అక్కడ పొయ్యి ఉండదు. కాఫీ మనకు కావలసినప్పుడు కాదు, వాళ్లు ఇచ్చినప్పుడు. కిటికీ వేళ్లు దూరేంతే తెరుచుకుంటుంది.

సైమి రానంది. ఆలోచించుకోమంది మేర్వి. ఆలోచించాను, రానంది సైమి. తొందరేం లేదు, గురువారం టాక్సీ తీసుకొస్తాను, ఊరికే చూసొద్దాం, ఎందుకైనా మంచిది ఒక సంచీ సర్దిపెట్టుకోండి అంది మేర్వి. పైగా సాయంత్రాలు దీపం వేసుకోవడం కూడా మర్చిపోతున్నారటగా అని, ఎంతో సున్నితంగా, ఒక మాట చేర్చింది. ఒక వయసు దాటిన మనిషి 'వద్దు' అంటే, దానికి 'ఇంకా తేల్చుకోలేదు' అని అర్థం వస్తుందని సైమికి ఆరోజే తెలిసింది.

దీపం మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె కిటికీ కనబడేంత దగ్గర్లో ఉన్నది తౌనో ఒక్కడే. అరవై దాటినవాడు, చిన్నప్పట్నుంచీ ఆమెను అత్తా అనే పిలుస్తాడు, తలుపు తట్టకుండానే వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆ మర్నాడు కూడా వచ్చి కూర్చున్నాడు. సైమి కాఫీ పోసింది. కప్పులోకి చూసుకుని అన్నాడు:

"జున్ను అయిపోయిందా సైమత్తా?"

"ఉంది. నీకు లేదు."

తౌనో టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. దీపం సంగతి మేర్వి చెవిన వేసింది నువ్వేనా అని ఆమె సూటిగా అడిగింది. కిటికీ చీకటిగా కనబడితే కంగారుపడ్డానన్నాడు.

"అది సంజె కూర్చోవడంరా. మీ అమ్మ కూర్చునేది కాదూ? వెలుగు పూర్తిగా పోయేదాకా దీపం వెయ్యకుండా, పొయ్యి ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని? నువ్వు ఆవిడ కాళ్ల దగ్గర దొర్లి నిద్రపోయేవాడివి. ఆవిడకు మతి చలించిందని అప్పుడెవరికైనా చెప్పావా?"

"నేను మతి అనలేదత్తా. దీపం అన్నాను."

"నువ్వు దీపం అన్నావు. వాళ్లు మతి అని రాసుకున్నారు."

అక్కడైతే వెచ్చగా ఉంటుందిగా అని తౌనో గొణిగాడు. ఇక్కడ చలిగా ఉందని నీకెవరు చెప్పారని సైమి అడిగింది. పొయ్యి వేడికి అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. టోపీ పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ ప్రాంతంలో తాళాల వాడకం తక్కువ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపుకు అడ్డంగా చీపురు చేరవేసి పోతారు. చీపురు ఉందంటే ఇంటివాళ్లు లేరని. వచ్చినవాళ్లు వెనక్కి తిరగాల్సిందే. పిలవకుండా వంటింటి దాకా వచ్చేసే మనుషులే, ఆ చీపురును మాత్రం దాటరు. దాన్ని తీసే హక్కు ఇంటివాళ్లది. దొంగతనం చేసినవాణ్ణయినా అక్కడ క్షమిస్తారేమో గానీ, ఎవరింటి చీపురో తీసి లోపలికెళ్లినవాడికి ఆ తర్వాత ఎవరూ కాఫీ పోయరు.

గురువారం సైమి సంచీ సర్దలేదు. పొయ్యి రాజేసి, కాఫీ కాచి, బయటికొచ్చి ముందుతలుపుకు భూర్జరెమ్మల చీపురు ఆనించింది. ఇంటి చుట్టూ తిరిగి, కొట్టంలోంచి వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

ముందు తౌనో ట్రాక్టరు, వెనక టాక్సీ. గాలి లేని చలిలో పొగగొట్టంలోంచి పొగ నిట్రాటలా నిలబడి ఉంది. కాఫీ వాసన గేటు దాకా వస్తోంది. మేర్వి మెట్లెక్కి తలుపు వైపు చెయ్యి చాచింది. చీపురు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నర్సు చదువు చదివినా ఆమె పక్క ఊరి పిల్లే.

"సైమీ, ఇంట్లో ఉన్నారా?"

లోపల కప్పు సాసరులో పెట్టిన చప్పుడు. తర్వాత సైమి గొంతు.

"లేను."

మేర్వి తౌనో వైపు తిరిగి, ఉన్నారు, విన్నావుగా అంది.

"లేనంటోందిగా," అన్నాడు తౌనో, బూట్ల వైపు చూసుకుంటూ.

పొగ వస్తోందని చూపించింది. వస్తోందని అతను ఒప్పుకున్నాడు. అయితే ఆ చీపురు తియ్యమంది. నేను తియ్యను, నువ్వు తియ్యి అన్నాడు. ఇద్దరూ తియ్యలేదు.

"ఎప్పుడొస్తారు సైమీ?"

"మంచు కరిగాక."

టాక్సీ డ్రైవరు నవ్వు కనబడకుండా మొహం తిప్పుకున్నాడు. మేర్వికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆ చలిలో ఆమె మర్యాదా బుజ్జగింపూ ఊడిపోయి, అసలు మాట బయటపడింది.

"వినండి సైమీ. కొత్త సంవత్సరం నుంచీ తౌనో ఇంటి అవతల దారిలో మంచు తీయించరు. పంచాయతీలో తీర్మానం అయిపోయింది. ఈ చివర ఉన్నది మీ ఒక్క ఇల్లే. మీరు గూడుకొచ్చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. రాకపోతే ఇక్కడే కూరుకుపోతారు."

తౌనో ట్రాక్టరు వైపు నడవడం మొదలుపెట్టాడు. అతనికి ముందే తెలుసన్నమాట.

లోపల కూర్చున్న సైమికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. మణికట్టు కాదు, దీపం కాదు, మతి కాదు. దారి. ఇంత మంచు ఎత్తిపోయడం దండగనుకున్నారు. అనుకోవచ్చు, పంచాయతీలు అలాంటి లెక్కలు వేస్తూనే ఉంటాయి. కానీ ఆ మాట చెప్పడానికి నోరు రాక, ఆమె ఎముకల్ని అడ్డం పెట్టుకున్నారు. అరికాలిమంట నెత్తికెక్కింది. లేచి బూట్లు తొడుక్కుంది. కొట్టంలోంచి బయటికెళ్లి, ఇంటి చుట్టూ తిరిగి, ఊరినుంచి తిరిగొచ్చిన మనిషిలా మెట్లెక్కి, మేర్వి భుజం పక్కనుంచి చెయ్యి చాచి చీపురు తీసింది.

"వచ్చేశాను. లోపలికి రండి. తౌనో, నువ్వు కూడా. పారిపోకు."

ఇద్దరికీ కాఫీ పోశాకే మాట్లాడింది. "దారి మీది. మూసుకుంటారా, మూసుకోండి. నా మేలుకోసమని మాత్రం అనకు. ఆ మాట ఇంకోసారి ఈ వంటింట్లో వినబడితే నీకు కాఫీ కూడా ఉండదు."

"మూసింది నేను కాదు సైమీ. చెప్పమన్నది చెప్పాను."

"మూసింది నువ్వు కాదు. పంచదార చల్లింది నువ్వు."

టాక్సీ ఖాళీగా వెళ్లిపోయింది.

కొత్త సంవత్సరం వచ్చింది. ట్రాక్టరు తౌనో ఉత్తరాల డబ్బా దగ్గరే వెనక్కి మళ్లింది. నాలుగు రోజుల మంచుకు దారి ఎక్కడుందో, చేను ఎక్కడుందో తెలియకుండా పోయింది. తౌనో స్కీ పలకల మీద జారుతూ వచ్చి, ఎవరికీ చెప్పకుండా తానే మంచు తీసిపెడతానని, తన పాపం తానే కడుక్కుంటానని అన్నాడు. సైమి ఒప్పుకోలేదు. వాళ్లు చెయ్యాల్సిన పని నువ్వు దొంగచాటుగా చేస్తే, దారి మూసినా ఏమీ కాలేదు చూశారా అని వాళ్లు చంకలు గుద్దుకుంటారు. నీ పాపం నీ దగ్గరే ఉంచుకో, వచ్చేటప్పుడు కాఫీ పొడి మాత్రం పట్రా అంది.

దారికి రెండో చివర కూడా ఉంటుందని పంచాయతీలో ఎవరికీ తట్టినట్టు లేదు. సైమికి దారి మూసేశారు గానీ, ఆమె రక్తపోటు చూసే పని మూయడం మర్చిపోయారు.

ఆ వారం మేర్వి కారును తౌనో వాకిట్లో వదిలి నడిచి వచ్చింది. స్కీలు తెచ్చుకోలేదు. తొడలదాకా దిగబడుతూ, మందుల సంచీని నెత్తికెత్తుకుని, మధ్యలో రెండుచోట్ల బోర్లాపడి, తలుపు తోసుకుని వచ్చేసరికి ఆమె కనుబొమల మీద మంచు పేరుకుంది. బూటు తీసి బోర్లిస్తే అందులోంచి గడ్డ రాలింది. ఈ దారి మూయమన్న బుద్ధిహీనుడు ఎవడని మొదలుపెట్టి, పంచాయతీ అధ్యక్షుణ్ణి, ఆయన కమిటీని, వాళ్ల వెచ్చని కుర్చీల్ని వరసగా దులిపేసింది. నర్సుల నోట అలాంటి మాటలు సైమి ఎప్పుడూ వినలేదు. చాలావరకు కలప శిబిరాల్లో విన్నవే.

మేర్వి వణికే వేళ్లతో రక్తపోటు పట్టీ విప్పబోయింది. సైమి దాన్ని ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టి, ఫోను ముందుకు జరిపింది.

"ముందు ఇది. ఒళ్లు కాస్త వెచ్చబడిందంటే నీకు మళ్లీ మర్యాద గుర్తొస్తుంది. ఇప్పుడే చెయ్యి."

మేర్వి పంచాయతీ ఆఫీసు నంబరు నొక్కింది. అవతల ఎవరో ఏదో చెప్పారు. ఫోనును చేత్తో మూసి అంది:

"అధ్యక్షుడు సమావేశంలో ఉన్నాడట."

"ఆగుతానని చెప్పు," అంటూ సైమి ఆమె వెనక్కి కుర్చీ జరిపింది.