మధులత పుచ్చుకున్న వక్కాకు

మా నడిపి కొడుకు శ్రీకాంత్ కూతురు మధులత నెల్లూరులో లా చదువుతోంది. రోజూ ఆత్మకూరు నుంచి బస్సులో పోయి వస్తుంది. నేను రెండో తరగతిలోనే బడి మానేసినదాన్ని. అయినా మా వీధిలో ఎవరికి నోటీసు వచ్చినా ఇక మా గుమ్మమే ఎక్కాలని నా గర్వం. ఒక్కటే లోటు, ఆ పిల్లకు నోట్లో నాలుక లేదు. నా పోలిక రాలేదు, ఏం చేస్తాం.

రెండో ఏడాదిలో ఒక సబ్జెక్టు పిల్లలే ఎంచుకోవాలట. దానికి పన్నుల చట్టం మీద మనసు. దీవెన కోసం ఉదయగిరిలో మా పెద్దకొడుకు వెంకటరమణ ఇంటికి వెళ్లింది. వాడికి పక్క పొలంవాళ్లతో గట్టు తగాదా. మొక్కిన పిల్ల చేతిలో వక్కాకు పెట్టి, భూమి చట్టాలు చదవమన్నాడు. తిరిగి వస్తూ వింజమూరులో మా చిన్నవాడు పెంచలప్రసాద్ ఇంట్లో ఆగింది. మొలకెత్తని విత్తనాలు అంటగట్టిన కంపెనీ మీద వాడు మండిపడుతున్నాడు. వాడూ వక్కాకు ఇచ్చి, పనిలో పనిగా వినియోగదారుల చట్టంలో డిప్లొమా చెయ్యమన్నాడు.

మా ఇళ్లలో పని చెప్పి వక్కాకు ఇస్తే, పుచ్చుకున్నవాళ్లు మాట ఇచ్చినట్టే. కౌలుకైనా పెళ్లికైనా అంతే. ఈ పిల్ల దీవెన అనుకుని కళ్లకద్దుకుని తెచ్చి నాకిచ్చింది. నేను సున్నం రాసుకుని నమిలేశాను. కొడుకులు ఫోన్ చేసి, పిల్ల మాట ఇచ్చిందని మురిసిపోయినప్పుడు గానీ సంగతి తెలియలేదు.

"ఎందుకిస్తాండారో అడగకుండా చెయ్యి చాపినావా అమ్మే?" అన్నాను.

అప్పటికే అది మొదటి ఏడాది కాంట్రాక్టు చట్టం పేపరు తప్పింది. ఒకరు ఇవ్వజూపింది ఇంకొకరు ఒప్పుకుంటే ఒప్పందమని అందులో మొదటి పాఠమేనట. తప్పదా మరి.

మాట పోతుందని కాలేజీలో భూమి చట్టాలే రాసిచ్చింది, డిప్లొమాలోనూ చేరింది. కాలేజీ పాఠాలు, తప్పిన పేపరు, వీటి మీద ఈ డిప్లొమా. అన్నం ముందు కూర్చుని కునికేది. కాంట్రాక్టు పుస్తకం తెరవడానికే తీరిక లేదు. ఈసారి కూడా ఆ పేపరు పోతే మూడో ఏటికి పంపరు. సబ్జెక్టు మార్చుకోవడానికి నెలాఖరు దాకానే గడువు.

ఒక సాయంత్రం బస్సులో నిద్రపోయింది. ఆత్మకూరు దాటిపోయింది. కండక్టర్ లేపేసరికి ఉదయగిరి. నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"ఎటూ ఆడికే పోయినావు. బస్టాండులో వక్కాకు కొనుక్కుని మీ పెదనాయనకు తిరిగిచ్చెయ్. ఆయన నోట్లో ఏసుకుంటే నీ మాట నీకొచ్చినట్టే" అన్నాను.

తర్వాతి సంగతి వెంకటరమణే నాకు చెప్పాడు. పిల్ల పళ్లెంలో వక్కాకు పెట్టి ముందుకు తోసిందట. వీడు దాన్ని ముట్టుకోకుండా, ఏం చదవాలని ఉందో అడిగాడట.

"పన్నులు పెదనాయనా."

"మన సేద్యగాళ్ల ఇళ్లల్లో పన్ను కట్టేదెవురే?"

"ఎవురూ కట్టరు. అందుకే ఎవురూ నాకు కేసియ్యరు. నేను చదువుకోవచ్చు."

అంత మాట దాని నోట వచ్చిందంటే నేను నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాను. వాడు పెద్దగా నవ్వి, ఆకు మడిచి నోట్లో వేసుకున్నాడట. గట్టు తగాదా చూసేదానికి ఆత్మకూరులో చానామంది వకీళ్లు ఉండారులే అని, తమ్ముడికి కూడా తనే ఫోన్ చేసి డిప్లొమా మాన్పించాడు.

గడువు లోపలే సబ్జెక్టు మార్చుకుంది. కాంట్రాక్టు పేపరు గట్టెక్కింది. మార్కులు అడగకండి, నేనూ అడగలేదు. ఫలితాలు వచ్చిన రోజు సంతోషం పట్టలేక నా వక్కాకు పళ్లెం దాని ముందుకు జరిపాను.

మధులత చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పని ఏందో ముందు చెప్పు అవ్వా."