గుట్ట కాడి పిలగాడు

రత్నకుమార్ తన జీవితంలో ఎక్కినవల్లా ఆఫీసు మెట్లే. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక వాటి మీద కూడా మధ్యలో ఒకసారి ఆగి, గోడకు ఆనుకుని, ఎదురొచ్చిన ప్రతివాడికీ నమస్కారం పెడుతూ ఆయాసం దాచుకునేవాడు. అటువంటి మనిషి రిటైర్మెంటుకు దగ్గరపడ్డ వయసులో వీపున సంచీ తగిలించుకుని రాచకొండ గుట్టల్లోకి ఒక్కడే వెళ్ళాడు. రాత్రి అక్కడే బండ మీద పడుకున్నాడు. బండి మీద తీసుకెళ్ళి దించినవాణ్ణి నేనే కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

ఆయనది బాపట్ల దగ్గర పల్లె. తండ్రి మిషన్ స్కూల్లో టీచరు. పెళ్ళికాక ముందే యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, తార్నాకలో అద్దెకు దిగి, మళ్ళీ కదల్లేదు. భార్య ప్రమీల అక్కడే ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేది. ఒక్కడే కొడుకు, డేనియల్. తార్నాకలోనే పుట్టాడు.

డేనియల్, నేను ఒకే క్లాసు. నేను ఎమ్మే సగంలో వదిలేశాను. నాకు టీసీ చేతికిచ్చింది వాళ్ళ నాన్నే. "దీన్ని లామినేషన్ చేయించకు కరుణాకర్, మళ్ళీ చేరేటప్పుడు పనికిరాదు" అన్నాడు. నేను మళ్ళీ చేరలేదు. ఆయన మాత్రం కనపడినప్పుడల్లా "లామినేషన్ చేయించలేదుగా?" అని అడిగేవాడు.

డేనియల్ ఇంట్లో "వచ్చానమ్మా" అనేవాడు, గేటు దాటగానే "వచ్చిన్రా" అనేవాడు. హాస్టల్ మెస్సులో మాతో తినేటప్పుడు కారం నోటికి తగిలితే చాలు, కళ్ళ వెంట నీళ్ళు. "గుంటూరు జిల్లోనివి, గింత కారం తినరాదా?" అని పోరగాళ్ళు ఏడిపించేవాళ్ళు. "నేను తార్నాకోణ్ణి రా" అనేవాడు. "అది గాదు, అసలు ఊరు చెప్పు" అనేవాళ్ళు. ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. వాడు మాతోపాటు ఎన్‌సీసీ గేటు దగ్గర నిలబడ్డాడు, మాతోపాటు టియర్ గ్యాస్ మింగాడు, మాకంటే గట్టిగా జై తెలంగాణ అన్నాడు. అయినా సాయంత్రం చాయ్ దగ్గర కొత్తవాడెవడో అడిగేవాడు, "అన్నా, మీదే ఊరు?"

అందుకే గుట్టలు పట్టుకున్నాడనుకుంటాను. ఒకసారి అడిగితే నవ్వి, "గుట్ట ఏ ఊరని అడగదు రా" అన్నాడు. ఎప్పుడూ ఒక్కడే వెళ్ళేవాడు. సంచీలో దుప్పటి, నీళ్ళు, అటుకులు. రాచకొండలో నాలుగు గుట్టలు ఒకే తిరుగుడులో ఎక్కాలని వాడి పథకం. సాయంత్రానికల్లా మూడు, మూడోదాని మీద నిద్ర, తెల్లారి దిగి నాలుగోది ఎక్కడం. 2010 దసరా వెళ్ళాక బయల్దేరాడు. మూడూ ఎక్కాడు. పొద్దున దిగుతూ మూడో గుట్ట పక్క బండ మీద కాలు జారాడు. ఎవరో మేకలు కాసే ఆమె చూసి ఊరివాళ్ళను పిలిస్తే, మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

ఆ సాయంత్రం తార్నాకలో వాళ్ళింటి వసారాలో చర్చి సంఘ పెద్ద దానయ్య గారు మెల్లగా అడిగాడు. "ఇక్కడ మన సంఘానికి సమాధుల స్థలం ఉంది. రేపు పొద్దున్నే ఏర్పాటు చేద్దామా?"

"వద్దండీ. మా ఊరు తీసుకెళ్తాం" అన్నాడు రత్నకుమార్.

ప్రమీల తలెత్తి చూసింది. "అక్కడ వాడికెవరున్నారండీ?"

"ఇక్కడ మాత్రం రేపు మనం ఉంటామో లేదో ఎవరికి తెలుసు?"

ఆ మాట వెనక ఒక కథ ఉంది. ఆయన మేనమామ సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగి. నెలల పసిబిడ్డ పోతే ఇక్కడే సమాధి చేశాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు భయపడి కుటుంబంతో వెళ్ళిపోయాడు. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి చూస్తే ఆ సమాధి ఏదో గుర్తుపట్టలేకపోయాడు. సున్నం కొట్టేవాళ్ళు లేని సమాధి ఎంతకాలం నిలుస్తుంది? చనిపోయేదాకా ఆ మేనమామ అదే తలుచుకుని ఏడ్చేవాడట. వినీ వినీ రత్నకుమార్ మనసులో అది మేకులా దిగబడింది. రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారు, నా బిడ్డ ఇక్కడ దిక్కులేకుండా మిగిలిపోతాడు అనుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. తార్నాకోణ్ణి అని మొత్తుకున్నవాణ్ణి, వేసవి సెలవులకు తప్ప తెలియని ఊళ్ళో పాతిపెట్టడమేంటి? కానీ తండ్రి ముందు నా నోరు పెగల్లేదు. తెల్లారకముందే అంబులెన్స్ వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగేసరికి సకల జనుల సమ్మె. బస్సులు డిపోలు దాటడం లేదు. రైళ్ళు ఆపుతారని ఒకరు, ఆపరని ఒకరు. క్యాంపస్‌లో ఆఫీసులకు తాళాలు. రత్నకుమార్ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి సమ్మె టెంటు కింద కూర్చునేవాడు.

"ఆంధ్రా సారొచ్చిండు, జరుగుండ్రి. సారూ, తెలంగాణ వస్తే బాపట్ల పోవుడేనా?"

"నేను పోతే నీ సర్వీసు రిజిస్టరు ఎవడు వెతికిపెడతాడయ్యా?"

అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళు నిజంగానే హాస్యానికి అన్నారు. ఆయన ఒక్కడికే అది హాస్యం కాదు.

రత్నకుమార్ వాళ్ళ సంఘంలో పోయినవాళ్ళకు సంవత్సరం నిండిన రోజున సమాధికి సున్నం కొట్టించి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు. ఆయన ముందుగానే కొవ్వొత్తులు కొని పెట్టుకున్నాడు. వెళ్ళే దారి లేదు. ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, "సున్నం నేను కొట్టిస్తాలే అన్నయ్యా, నువ్వు ఇబ్బందిపడకు" అన్నాడట. కొడుకును దిక్కులేకుండా వదలకూడదని అంత దూరం తీసుకెళ్ళినవాడు, మొదటి ఏడాదికే అక్కడికి చేరలేకపోయాడు.

ఏడాది నిండే ముందు రోజు పొద్దున్నే మా రూముకు వచ్చాడు. నేను అడిక్‌మెట్‌లో ఉండేవాణ్ణి. భుజాన డేనియల్ సంచీ.

"కరుణాకర్, వాడు ఎక్కిన గుట్టల దగ్గర దించగలవా?"

"అంకుల్, మీ మోకాళ్ళు..."

"నాలుగోది మిగిలిపోయింది కదరా వాడికి. సమాధి దగ్గరికి ఎలాగూ వెళ్ళలేను. ఆ మిగిలింది నేను ఎక్కి, పైన కొవ్వొత్తి వెలిగిస్తాను."

"అయితే నేను గూడ ఎక్కుత."

"వాడు ఒక్కడే వెళ్ళాడు" అన్నాడు.

గుట్టల అడుగున ఉన్న పల్లెలో బండి ఆపాను. డేనియల్ ఒకసారి రోడ్డు మీద నిలబెట్టి నాకు చూపించిన నాలుగు గుట్టలనూ ఆయనకు చూపించాను. నడుము పట్టీ బిగించుకోవడం తెలియక సంచీ ఒక పక్కకు ఒరిగిపోతోంది. నేను బిగించబోతే చెయ్యి తోసేసి తనే బిగించుకున్నాడు. వెనక నుంచి చూస్తే సంచీకి కాళ్ళు మొలిచినట్టుంది. మొదటి గుట్ట సగం దాకా కనిపించాడు, తర్వాత తుప్పల్లో కలిసిపోయాడు.

వెనక్కి పోయే మనసు రాలేదు. పల్లె చివర ఇంటి ముందు మేకలకు ఆకు వేస్తున్న ముసలామె పిలిచింది. పేరు సాలమ్మ.

"ఎవ్వలు బిడ్డా నువ్వు? గా సారేంది, గీ వయసుల గుట్టకు పోయిండు? మంచాన పడితే సేవ ఎవరు జేస్తరు?"

"పోయినేడు గీడ పడిపోయిన పిలగాని తండ్రి, అవ్వా."

ఆమె చేతిలో కొమ్మ అలాగే ఆగిపోయింది. మేక వచ్చి లాక్కున్నా చూసుకోలేదు.

"నేనే గద బిడ్డా సూసింది. మేకలు ముంగటికి పోకుంట నిలవడ్డయి. ఏందని పోయి సూస్తే... తలకాయ ఒళ్ళె పెట్టుకున్న. నీళ్ళు తాపితే రెండు గుక్కలు మింగిండు. 'అవ్వా' అన్నడు. గంతే. మల్ల మాట రాలే."

ఆ రాత్రి ఆమె వాకిట్లోనే మంచం వేసింది. కరెంటు లేదు. గుట్టల వైపు చూస్తూ పడుకున్నాను, నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియదు.

పొద్దెక్కాక వచ్చాడు రత్నకుమార్. ప్యాంటు వెనక భాగం చిరిగిపోయింది. మోచేతులు గీసుకుపోయాయి. కొడుకు జారిన బండ మీద నిలబడి దిగే ధైర్యం చాలక, చిన్నపిల్లాడిలా కూర్చుని జారుతూ దిగాడట. సాలమ్మ చెంబుతో నీళ్ళిస్తే తాగి గోడకు జారగిలబడ్డాడు. జేబులోంచి ఒక మైనం ముద్ద తీశాడు. సంచీ పైజేబులో ఎండ తగిలి కొవ్వొత్తులన్నీ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ముద్దలోంచి బయటికొచ్చిన ఒక్క వత్తి మాత్రం కాలి నల్లగా ఉంది.

"మూడోదాని మీదే వెలిగించా" అన్నాడు. "గాలికి నిలవలేదు. చేతులు అడ్డం పెట్టా."

"నాలుగోది?"

"అడుగుదాకా వెళ్ళా. ఎక్కగలనురా. కాళ్ళు బాగానే ఉన్నాయి. ఎక్కితే అయిపోతుంది కదా. వాడు మిగిల్చిపోయింది అదొక్కటే. దాన్ని కూడా నేను పూర్తి చేసేస్తే ఇంక వాడికి ఏముంటుంది?"

సాలమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"సారూ, పెత్రమాస నాడు మా ఇంట్ల పోయినోళ్ళందరికి ఇస్తర్లు పెడ్తం. మా మామకు, అత్తకు, మా ఆయనకు. ఆఖరుకు ఒకటి నీ కొడుక్కు గూడ పెట్టిన. పేరు తెల్వకపాయె. 'గుట్ట కాడి పిలగాడా, రా, తిను' అని పిలిచిన. తప్పైతె మాఫ్ జెయ్యి."

వాళ్ళ సంఘంలో చనిపోయినవాళ్ళకు అన్నం పెట్టడం ఉండదు. అది నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. మాకు అటువంటివి లేవమ్మా అంటాడేమోనని భయపడ్డాను. ఆయన మైనం ముద్దను రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు.

"వాడి పేరు డేనియల్ అమ్మా" అన్నాడు చివరికి.

"మీదే ఊరు సారూ? ఏ ఊరోడో ఏమో అని అప్పుడు అందరం అనుకున్నం."

ముప్పై ఏళ్ళుగా ఎవరడిగినా "బాపట్ల దగ్గరండీ" అనే మనిషి. "వాడిది తార్నాక" అన్నాడు. ఆ మాటతో ఏడుపు ఆగలేదు. నా బిడ్డను ఇక్కణ్ణుంచి తీసుకుపోయానమ్మా, మీరు పొమ్మంటారని తీసుకుపోయానమ్మా, అంటూ ఒకటే ఏడుపు. ఆమెకు సగం అర్థం కాలేదు. "ఎవ్వలు పొమ్మన్నరయ్యా, ఎవ్వలన్నరు?" అంటూ వీపు నిమురుతూ కూర్చుంది.

బయల్దేరేటప్పుడు మైనం ముద్ద ఆమె చేతిలో పెట్టాడు. "గిదేంది సారూ?" అంది. "వాడిదే, ఉంచండి" అన్నాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి లోపల గూట్లో పెట్టింది.

తార్నాక చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ప్రమీల తలుపు తీసి ముందు ఆయన మోచేతుల వంక చూసింది, తర్వాత ప్యాంటు వంక. ఏమీ అడగలేదు. ఏడాదిగా ఆమె ఎవర్నీ ఏమీ అడగడం లేదు. కొడుకును ఊరికి తీసుకెళ్ళిన రోజు నుంచి భర్తతో అన్నం, మందులు, పాలు, ఇంతే మాటలు. ఏడవగా కూడా నేను చూడలేదు. డేనియల్ ఫోటో ముందు బైబిలు తెరిచి ఉంది. ఉదయం ఒక్కతే ప్రార్థన చేసుకున్నట్టుంది.

రత్నకుమార్ కుర్చీలో కూలబడి అన్నీ చెప్పాడు. బండ, కొవ్వొత్తులు, ఎక్కకుండా వదిలేసిన గుట్ట. ఆమె వంటింటి గుమ్మానికి ఆనుకుని వింటోంది. సాలమ్మ వాడి తలను ఒళ్ళో పెట్టుకుందని దారిలో నా ద్వారా విన్నాడు, ఆ సంగతి చెప్పలేక నా వైపు చూస్తే, అది నేను చెప్పాను. అవ్వా అన్న మాట కూడా చెప్పాను. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు.

"వాడికి కూడా విస్తరి వేసి అన్నం పెట్టిందట" అన్నాడాయన, తిడుతుందేమో అన్నట్టు తల దించుకుని.

అప్పుడు ప్రమీల అడిగింది.

"ఏం కూర?"

ఆయన తెల్లబోయి నావైపు చూశాడు. ఆయన అడగలేదు. రాత్రి మాటల్లో సాలమ్మ నాతో అంది.

"కోడికూర, ఆంటీ."

ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడాది నుంచి లోపల ఆగిపోయిందంతా అప్పుడు బయటికొచ్చింది. ఆ ఏడుపు మధ్యలో ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంటోంది.

"కారం ఎక్కువేసిందేమోనండీ... వాడు కారం తినలేడు కదండీ."