ఇంటి మాత్ర

మా ఇంట్లో ఏదీ చిల్లరగా కొనరు. సబ్బులు పెట్టెతో వస్తాయి, చింతపండు బుట్టతో వస్తుంది, అగ్గిపెట్టెలు కట్టలు కట్టలుగా వస్తాయి. విడపనకల్లులో మాది హోల్‌సేల్ కిరాణా అంగడి, దాని వెనకే ఇల్లు. అన్నా వదినా, నేనూ మా ఆవిడా ఒకే పొయ్యి మీద వండుకుని తింటాం. పిల్లలంతా బెంగళూరులో చదువుల్లో ఉన్నారు.

బీపీ మాత్రలు కూడా అట్లాగే పెట్టెతో వచ్చేవి. అన్నకు గుండెనొప్పి వచ్చి బళ్లారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్కడి డాక్టరు ఒక మాత్ర రాశాడు. చాలా ఏళ్ల తర్వాత నాకూ బీపీ ఉందని తేలితే, అన్న అదే మాత్ర నా చేతిలో పెట్టాడు. ఒక తల్లి పిల్లలం, నాకు పడింది నీకు పడకుండా పోతుందా అన్నాడు. ఎట్లాగూ తెప్పిస్తున్నాం, ఇంకొక పెట్టె కలిపితే ధర కూడా తగ్గుతుంది. మాకు అంతకు మించిన వైద్యశాస్త్రం లేదు. పొద్దున టిఫిను కాగానే వదిన డబ్బా తీసి అన్నకొకటి, నాకొకటి ఇచ్చేది. ఇంట్లో దాని పేరే ఇంటి మాత్ర. అది మందు అన్న సంగతి కూడా నేను మరిచిపోయాను.

ఆ మాత్ర మొదలుపెట్టిన రెండు మూడేళ్లకు నాకు మగతనం పనిచేయడం మానేసింది. డొంకతిరుగుడు లేకుండా చెప్పాలంటే అంతే. మొదట్లో ఎప్పుడో ఒకసారి, తర్వాత తరచుగా, చివరికి అసలుకే లేదు. వయసు మీద పడిందనుకుందామంటే యాభై కూడా నిండలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడకు గర్భసంచి తీసేశారు. కొన్నాళ్లు విడిగా పడుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఆ గడువు దాటినా ఆమె పక్క మళ్లీ మా గదిలోకి రాలేదు. నేనూ రమ్మనలేదు. పిలిస్తే నా సంగతి బయటపడుతుందని భయం. ఒకరోజు ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే అంది.

"కోసి తీసేసినంక ఇంగ నేనేం ఆడదాన్నిలే. మీకు మనసు రాకపోతే నేనేం అనుకోను."

కాదని చెప్పాలంటే మిగిలినదంతా చెప్పాలి. నేను నోరు తెరవలేదు. ఆమె దాన్ని ఔననే తీసుకుంది. ఆ తర్వాత నాతో గట్టిగా మాట్లాడటం, విసుక్కోవడం, దెప్పడం అన్నీ మానేసింది. ఇంటికొచ్చిన చుట్టానికి వడ్డించినట్టు మర్యాదగా వడ్డించేది. ఆ మర్యాద నాకు ముద్ద దిగనిచ్చేది కాదు.

డాక్టరు దగ్గరికి పోదామంటే ఎక్కడికి పోవాలి? మా ఊళ్లోనూ, ఉరవకొండలోనూ, గుంతకల్లులోనూ మందుల అంగళ్లలో సగం మా చుట్టాలవే. నేను జలుబు మాత్ర కొన్నా సాయంత్రానికి మా వదినకు ఫోను వస్తుంది, ఎట్లుండాదమ్మా మీ మరిదికి అని. ఇక ఈ మందు చీటీ పట్టుకుని పోతే, మరుసటి పెళ్లిలో పందిరి కింద నా గురించి తప్ప ఇంకో మాట ఉండదు. అందుకే ఫోనులో డాక్టరును వెతికాను. ఆ యాప్‌లో మన జబ్బు మనమే ఎంచుకోవాలి. జుట్టు రాలడానికీ మొటిమలకూ పక్కనే నా జబ్బు కూడా బొమ్మతో సహా ఉంది. చాలామందికి ఉంటే తప్ప దీనికొక బొమ్మ వేయరు కదా అని కొంచెం ధైర్యం వచ్చింది.

మధ్యాహ్నం అన్న కునుకు తీసే సమయం చూసి గోదాములోకి పోయి తలుపు వేసుకున్నాను. ఫోనును బెల్లం పెట్టెకు ఆనించి కూర్చున్నాను. తెర మీదికి వచ్చిన డాక్టరు చిన్నవాడు, మాట కోస్తా వైపుది. నేను గొంతు తగ్గించి నసుగుతుంటే, "సార్, మీరు చెప్పేది నేను రోజూ వింటాను, మామూలుగా చెప్పండి" అన్నాడు. పొద్దున లేచేటప్పుడు ఎట్లా ఉంటుంది, నిద్ర పడుతుందా, సిగరెట్ ఉందా, షుగరుందా అని ఒక్కొక్కటే అడిగాడు. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నాను. బీపీ అంటే ఉందన్నాను. మరి దానికేం వాడుతున్నారన్నాడు. ఇంటి మాత్ర అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నేను మా అన్న సంగతీ, పెట్టెల సంగతీ చెప్పుకొచ్చాను. చెబుతుంటే నాకే తెలిసిపోతోంది, ఎంత తెలివితక్కువ పని చేశామో. మాత్రల అట్ట తెచ్చి కెమెరాకు చూపించమన్నాడు. చూసి, ఇది గుండె వేగం తగ్గించే రకమని, మీ అన్నగారికి కావలసిందే కావచ్చు గానీ మీకు ఎవరూ రాయలేదు కదా అని అన్నాడు. కొందరు మగవాళ్లలో ఈ రకం మాత్ర ఈ ఇబ్బంది తెస్తుందట. అదే కారణమని ఇక్కడ కూర్చుని ఒట్టేసి చెప్పలేనన్నాడు. ఉన్నపళంగా ఆపొద్దని మాత్రం రెండుసార్లు చెప్పాడు. ముందు దగ్గర్లో ఒక డాక్టరుకు ఎదురుగా కనబడి, రక్తపరీక్షలు, గుండె పరీక్ష చేయించుకున్నాకే మిగతా మందుల మాట అన్నాడు. నేను మగతనం తెప్పించే ఆ ఒక్క మాత్ర రాసిస్తాడని కాచుకుని కూర్చున్నాను, అది రాయలేదు. చివరగా, మీ ఆవిడ దీని గురించి ఏమనుకుంటున్నారని అడిగాడు. సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

సరుకు చూసి వస్తానని చెప్పి అనంతపురం పోయి పరీక్షలన్నీ చేయించుకున్నాను. షుగరు లేదు. అక్కడి పెద్ద డాక్టరు పాతదాన్ని మెల్లగా తగ్గిస్తూ వేరే మాత్రకు మార్చాడు. ఇదే కారణమైతే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది, కాకపోతే వేరే దారులున్నాయన్నాడు. తిరిగి వచ్చే బస్సులో తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఇంటి ముందు దిగాక గుర్తొచ్చింది, రేపు పొద్దున వదిన డబ్బా తీస్తుందని.

మరుసటి పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశారు. తినడం కాగానే వదిన మాత్ర ఇవ్వబోతే సగం విరిచి ఇది చాలన్నాను, దీన్ని మెల్లగా మానమని డాక్టరు వేరేది రాశాడన్నాను. అన్నకు మనసు కష్టమైంది. ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేం వచ్చింది, నన్ను అడగకుండా ఏ డాక్టరు దగ్గరికి పోయినావు అని నిలదీశాడు. కడుపులో మంట అని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మా ఆవిడ నా ప్లేటు తీయడానికి వంగింది. ఎవరికీ అడ్డం రాకుండా, పక్కకు ఒదిగి ఒదిగి తీస్తోంది. అది చూసి నాకు నా మీదే అసహ్యం వేసింది.

"ఈ మాత్రతో నేను కాపురానికి పనికిరాకుండా పోయినానన్నా" అన్నాను. "రోగం నాది. ఆయమ్మ ఆపరేషన్‌కూ దీనికీ ఏం సంబంధం లేదు."

మా ఇంట్లో అన్న ముందర భార్య పేరెత్తి మాట్లాడే అలవాటే లేదు. మా ఆవిడ ప్లేటు అక్కడే వదిలేసి లోపలికి పోయింది. అన్న చేయి కడుక్కుని అంగట్లోకి పోయాడు. వెనకే నేనూ పోయి పప్పులు తూకం వేయించాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం గిరాకీతో తప్ప మాట్లాడలేదు.

భోజనానికి వస్తే మా ఆవిడ ఒక్కతే ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గరిటె పళ్లెంలో ఠపీమని కొట్టి అన్నం పెట్టింది.

"చెప్పేదేదో ముందర నాకు చెప్పింటే, అందరి ముందరా పరువు తీసుకునే పని తప్పేది గదా. ఏడాదిపాటు ఏం చేస్తాంటిరి?"

ఆమె నన్ను తిట్టడం విని ప్రాణం లేచొచ్చింది. ఇంకా తిడుతుందేమోనని తల వంచుకుని తిన్నాను. వదిన ఏదని అడిగితే, గదిలో పడుకుని ఏడుస్తోందని చెప్పింది. నా మాటకు నొచ్చుకుందేమో అనుకున్నాను. అది కాదట. బళ్లారి ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి అన్న ఆమె దగ్గరికి రాలేదట. వదిన రాత్రిపూట అన్నం ముట్టదు. ఏదో మొక్కు ఉందని మేమంతా అనుకునేవాళ్లం.

"లావైనానని ఆయనకు మనసు విరిగిందనుకోని, అక్క అన్నం మానేసినాదంట" అంది మా ఆవిడ. "పదేండ్ల నుంచి."

ఆ తర్వాత ఒక పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకుని వదిన గదిలోకి పోయింది. నేను చేయి కడుక్కుని అంగట్లోకి వచ్చి, ఫోనులో డాక్టరుతో మాట్లాడిన సంగతి అన్నకు చెప్పాను. అన్న రోడ్డు వైపే చూస్తూ, ఆ ఫోను డాక్టరు నాతో గూడా మాట్లాడతాడా అని అడిగాడు. మాట్లాడతాడన్నాను. నీ మాత్ర నువ్వు ఆపొద్దు, అది నీ గుండెకోసమిచ్చింది, ఏదైనా ఆయననే అడుగుదామన్నాను.

"అయితే ఇప్పుడే కలుపు" అన్నాడు.

"ముందు లోపలికి పోయి వదినతో మాట్లాడన్నా. ఆయమ్మ తనదే తప్పనుకుంటాంది."

అన్న గల్లాపెట్టె తాళాలు నా ముందర పెట్టి ఇంట్లోకి పోయాడు.