అరచేయి తిప్పితే మారిన ఆట: షోలాపూర్‌లో ఒక శనివారం

"పెద్దమ్మా, క్వార్టర్‌బ్యాక్‌గ నాకిదే ఆఖరి మ్యాచ్ కావొచ్చు, వస్తవా?" అని మా చెల్లెలు పద్మ కూతురు శ్రావణి ఫోన్ చేయడంతో షోలాపూర్ బయలుదేరాను. తను ఆడేది ఫ్లాగ్ ఫుట్‌బాల్. అమెరికా ఫుట్‌బాల్‌లాంటిదే, కానీ తోపులాట ఉండదు, బంతి పట్టుకున్నవాళ్ల నడుముకున్న పట్టీ లాగితే చాలు, ఆపినట్టే. బంతి అందుకుని విసిరే అమ్మాయే క్వార్టర్‌బ్యాక్. కోచ్ ప్రతిసారీ రెండు ఎత్తులు చెప్పి పంపుతాడు. ఎదుటివాళ్లు నిలబడిన తీరు చూసి, బంతి చేతికి రాకముందే, కావాలంటే ఆ అమ్మాయే కేకేసి రెండోదానికి మార్చవచ్చు. శ్రావణిది నాలాగే సన్నని గొంతు. కిందటిసారి ఆ కేక వినపడక ఇద్దరు ఒకవైపు, ఇద్దరు మరోవైపు పరుగెత్తారట. మళ్లీ అలాగైతే ఆ స్థానం ఇంకొకరికిస్తానన్నాడు కోచ్.

హైదరాబాద్ నుంచి పొద్దుటి రైలు, స్లీపర్ టికెట్ రెండు వందల పైచిలుకు. పన్నెండున్నరకు చేరాల్సింది రెండింటికి చేరింది. మ్యాచ్ నాలుగింటికి. జపమాల తిప్పుతున్నా మనసు నిలవలేదు. ఆటోకి ఎనభై రూపాయలు. మార్కండేయ స్వామి గుడి దగ్గర కూర్చున్నచోటి నుంచే దండం పెట్టుకున్నాను.

"దిగుతవా అమ్మా? రెండు నిమిషాలు ఆపుత," అన్నాడు డ్రైవర్, అక్కడ స్థిరపడ్డ తెలుగువాడే.

"వద్దు నాయనా, నా తొందర స్వామికి తెలుసు."

"నాకైతే తెల్వది గద," అని నవ్వి వేగం పెంచాడు.

పద్మ తువాళ్లు నేసే మరమగ్గాల షెడ్డు గుమ్మంలో నిలబడి పిలిస్తే ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. పద్మ నన్ను చూసి నోటి దగ్గర వేళ్లు ముడిచింది, తిన్నావా అని. పక్కామెకు అరచేయి తిప్పి చూపగానే ఆమె వచ్చి పద్మ మగ్గం అందుకుంది.

"మీరు మాట్లాడుకోనే మాట్లాడుకోరా?" అన్నాను బయటికొచ్చాక.

"లోపట ఎవ్వలకు ఇనబడ్తదక్కా? చెయ్యి తిప్పితే మారుమని. శ్రావణి జట్టుల అందరు మగ్గాలోళ్ల పిల్లలే, వాళ్లకు గూడ తెలుసు."

"మరి అక్కడ కేకలెందుకే?"

"గీ ముచ్చట శ్రావణికి చెప్పాలె. చల్, లవకర్, జల్ది," అని పద్మ స్కూటీ తీసింది.

మైదానంలో, కేకకు బదులు చెయ్యి తిప్పమని శ్రావణికి చెబితే బెదిరింది. "సర్ ఏమంటడో పెద్దమ్మా."

"సర్ మార్చమన్నాడా, అరవమన్నాడా?" అన్నాను.

రెండో సగంలో ఎదుటి జట్టు పుణె పిల్లలంతా ఎడమవైపు గుమిగూడారు. శ్రావణి అరచేయి తిప్పింది. నలుగురూ ఒక్కసారే కుడివైపు దూసుకెళ్లారు. శ్రావణి విసిరిన బంతి ఒకమ్మాయి చేతిదాకా వచ్చి జారిపోయింది. కోచ్ శ్రావణిని పిలిచాడు. నా చేతిలో జపమాల ఆగిపోయింది.

"గదేం సైగ?"

"మగ్గాల కాడిది సర్."

"బంతి పట్టుడు రేపు నేర్పుత. మార్చేది మాత్రం నువ్వే."

మ్యాచ్ ఓడారు. భజనలో "కొంచెం గట్టిగా పాడమ్మా" అనిపించుకుంటూనే యాభై ఏళ్లకొచ్చాను. గొంతు లేకపోవడం లోపమనే అనుకున్నాను ఇన్నాళ్లూ. తిరుగు రైల్లో నిద్ర పట్టలేదు, చేయి దానంతటదే తిరుగుతూ ఉంది. మగ్గాలు చూడాలనుకునేవాళ్లు ముందు యజమానిని అడగండి, చెవుల్లో దూది పెట్టుకోండి. లోపల ఎవరైనా నోటి దగ్గర వేళ్లు ముడిస్తే, తినకపోతే తల అడ్డంగా ఊపండి. అన్నం పెట్టే పంపుతారు.